తాళాలక్క పెట్టిన కేక

ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది. విదేశాంగ శాఖ భవనంలో ఆ పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ తెలియదు. అందరికీ ఆవిడ తాళాలక్క. నడుముకి వేలాడే తాళాల గుత్తి వల్ల వచ్చిన పేరది. మెట్ల మీద గలగలమని చప్పుడైతే చాలు, వరండాలో కబుర్లాడుకునేవాళ్ళు చేతిలో ఫోన్లు గబుక్కున జేబుల్లో కుక్కుకునేవారు.

కుక్కుకోక ఏం చేస్తారు! రెండో అంతస్తులో పెద్ద సమావేశ మందిరం ఉంది. దాని తలుపు పక్కన ఒక ఇనుప బీరువా. బీరువా నిండా చిన్న చిన్న అరలు, ఒక్కో అరకి ఒక చిట్టి తలుపు, ఒక తాళం. లోపలికి వెళ్ళే ప్రతి మనిషీ ఫోను ఆ అరలో పెట్టి, ఆవిడ చేత తాళం వేయించి, నంబరు బిళ్ళ పట్టుకుని వెళ్ళాలి. మంత్రిగారైనా అంతే, మంత్రిగారికి మంచినీళ్ళు తెచ్చే మనిషైనా అంతే. దేశాల మధ్య జరిగే మాట గోడ దాటకూడదని ఎప్పుడో పెట్టిన కట్టుబాటు. ఒకసారి ఒక సైన్యాధికారి "నేనెవరో తెలుసా?" అని కళ్ళెర్రజేశాడు. "మీరెవరో తెలుసండీ. మీ ఫోనే నాకు కొత్త. ఇలా పెట్టండి," అంది. ఆయన నోరు మూసుకుని పెట్టాడు. ఆవిడ తన సొంత ఫోను కూడా పొద్దున రాగానే మొదటి అరలో పెట్టి తాళం వేసుకునేది. అలా చెయ్యమని ఎవరూ అడగలేదు. అడక్కపోయినా చేస్తున్నానన్నదే ఆవిడ గర్వం.

ఆ ఉద్యోగం కోరి తెచ్చుకున్నది కాదు. భర్త అదే భవనం గేటు దగ్గర కాపలా ఉండేవాడు. జ్వరంతో మంచమెక్కి, దిగకుండానే పోయాడు. అప్పటికి చంకలో పిల్ల. ఏదో ఒక పని ఇస్తాం, వస్తావా అని ఆఫీసువాళ్ళు కబురుపెడితే పుట్టింటివాళ్ళు వద్దన్నారు, ఇరుగుపొరుగు పెదవి విరిచారు. అత్తగారు ఒక్కతే ముందుకొచ్చింది. "నువ్వెళ్ళవే. పిల్లని నేను చూసుకుంటా. ఇద్దరం ఎదురుబొదురు కూర్చుని ఏడిస్తే వాడొస్తాడా?" అంది. అని ఊరుకోలేదు, మనవరాలి చదువు దగ్గర్నుంచి కోడలి క్యారేజీ దాకా అన్నీ తన నెత్తినే వేసుకుంది. మనవరాలు పెళ్ళి చేసుకుని వేరే ఊళ్ళో కాపురం పెట్టాక అత్తగారి మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. మంచం దిగి రెండడుగులు వేయాలంటే ఒకరి భుజం కావాలి. నోటికి మాత్రం ఏ జబ్బూ రాలేదు.

"మా అమ్మ నన్ను కన్నదంతే. నిలబెట్టింది మా అత్తయ్య," అని తాళాలక్క ఎవరు విన్నా వినకపోయినా చెప్పేది. అత్తగారి మొహం మీదే చెప్పేది కూడా. "సరేలే, ముందు ఆ పాలు దించు, పొంగుతున్నాయి," అనేదావిడ.

వాళ్ళ ఇల్లు నది పక్క పల్లంలో ఉంది. ఒక గది, ఒక వంటిల్లు, కిటికీలోంచి చేయి చాస్తే పక్కింటి గోడ. పై వాటాలో దర్జీ, అతని భార్య. పగలంతా వాళ్ళు వీధి మలుపులోని కొట్టు దగ్గరే ఉంటారు. పోయిన వానాకాలం ఎగువన ఆనకట్ట గేట్లెత్తారు. పట్టపగలే నీళ్ళొచ్చాయి. దర్జీ కత్తెర మర్చిపోయి ఇంటికి రాబట్టి సరిపోయింది. అతను వచ్చేసరికి నీళ్ళు మంచం పట్టెని తాకుతున్నాయి. అత్తగారు కాళ్ళు పైకి ముడుచుకుని, చెప్పులు కొట్టుకుపోకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దర్జీ ఆవిడని వీపున వేసుకుని మేడెక్కించాడు. అదే వీధి చివర గడియారాలు బాగుచేసే ముసలాయన ఒంటరిగా ఉండేవాడు. ఆయన ఇంటికి కత్తెర కోసమైనా ఎవరూ రాలేదు. ఆయన పోయాడు.

సాయంత్రం మేడ మీద తడిబట్టలతో కూర్చుని ఫోన్లు చూసుకుంటే అప్పుడు తెలిసింది. ప్రభుత్వం హెచ్చరిక పంపింది. నీళ్ళకంటే చాలా ముందే పంపింది. అది చెప్పుల కొట్టు తగ్గింపు ధరల ప్రకటన కింద ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. ఆ పేటలో ఇంచుమించు అందరివీ ఒకే కంపెనీ ఫోన్లు, చవగ్గా దొరుకుతాయి గనక. నీళ్ళొస్తున్నాయన్న కబురునీ, చెప్పులొస్తున్నాయన్న కబురునీ ఆ ఫోన్లు ఒకే గాటన కట్టేశాయి.

ఆ రోజు నుంచి తాళాలక్క మనిషి ఆఫీసులో, ప్రాణం ఇంట్లో. మబ్బు పడితే చాలు, కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరిగేది. ఉద్యోగం మానేస్తే పొయ్యి వెలగదు. మెరకలో ఇల్లు తీసుకునే తాహతు లేదు. ఇక ఆవిడకి మిగిలిన దారి ఒక్కటే. ఈసారి నీళ్ళొచ్చే ముందు ఆ ఫోన్లు గొంతు చించుకుని అరవాలి. కొట్టులో కుట్టుమిషను చప్పుడులో ఉన్న దర్జీకి కూడా వినబడి, అతను పరుగున రావాలి.

ఆ అరుపు ఎవరి చేతిలో ఉందో ఆవిడకి చెప్పింది దేశం లేని రాయబారి. ప్రభుత్వాలు దేశాలకి రాయబారుల్ని పంపడం అందరికీ తెలిసిందే. ఈయన్ని మాత్రం కంపెనీలకి రాయబారిగా వేశారు. ప్రపంచమంతా వాడే ఫోన్లూ, వాటి లోపలి సరంజామా తయారుచేసే పెద్ద పెద్ద కంపెనీలతో మాట్లాడి, దేశానికి కావలసిన పనులు చేయించుకురావడం ఆయన ఉద్యోగం. "ఇంతకీ మీది ఏ దేశానికండీ?" అని అడిగినవాళ్ళకి ఆయన విడమరిచి చెప్పేలోపు టీ చల్లారిపోయేది. అందుకే ఆ పేరు పడింది. గది కూడా ఆ పేరుకి తగ్గట్టే ఇచ్చారు. జిరాక్స్ మిషను పక్కన, కిటికీ లేనిది. మిషను ఆడుతుంటే ఆయన ఫోను మాట్లాడుతూ రెండో చెవి మూసుకునేవాడు. తోటి రాయబారులు విమానాల్లో తిరుగుతుంటే ఈయన ఆ గదిలో కూర్చుని ఉత్తరాలు రాసేవాడు. అయినా ఎప్పుడూ విసుక్కున్నవాడు కాదు. తాళాలక్కతో మాట్లాడేటప్పుడు లేచి నిలబడేవాడు, అదొక్కటి చాలు ఆయన ఎలాంటివాడో చెప్పడానికి.

"అక్కా, హెచ్చరిక పంపడం వరకే మన చేతిలో పని. అది అందగానే అరవాలా, నోరు మూసుకోవాలా అనేది ఫోను చేసినవాళ్ళ ఇష్టం. ఈ కంపెనీవాళ్ళు పెద్ద దేశాలకి ఆ ఏర్పాటు చేశారు. మన వంతు ఇంకా రాలేదంటున్నారు."

"వంతేంటి సార్, రేషనా?"

"రేషనైతే డీలరుతో తగాదా అయినా పడొచ్చు. ఇక్కడ తగాదాకి మనిషే దొరకట్లేదు. ఏ దేశానికైనా కోపంగా ఉత్తరం రాస్తే కోపంగానైనా జవాబొస్తుంది. వీళ్ళకి రాస్తే, 'మీ అభిప్రాయం మాకెంతో విలువైనది' అని మిషను జవాబిస్తోంది."

అయినా ఆయన పట్టు వదల్లేదు. ఆ కంపెనీ తలుపు తట్టీ తట్టీ, చివరికి మనుషుల గొంతులు వినే దాకా వెళ్ళాడు. వానాకాలం ఇంకా కొంత దూరంలో ఉండగా ముగ్గురు వస్తామన్నారు. ఒక పెద్దమనిషి, ఒక లాయరు, ఒక ఇంజనీరమ్మాయి.

వాళ్ళు వచ్చే ముందు శాఖలో పెద్ద చర్చే జరిగింది. అతిథి ముందు బల్ల మీద అతిథి దేశపు చిన్న జెండా పెట్టడం ఆనవాయితీ. కంపెనీకి ఏ జెండా పెట్టాలి? వాళ్ళ దేశపు జెండా పెడితే, మేం మా దేశం తరఫున రాలేదంటారేమో. ఏమీ పెట్టకపోతే అవమానమంటారేమో. అరపూట బుర్రలు బద్దలుకొట్టుకుని చివరికి ఒక పూలకుండీ పెట్టారు. ఇంత తెలివిగలవాళ్ళలో ఒక్కరికీ, ఫోన్ల గురించి మాట్లాడే చోట ఒక ఫోను ఉంటే బాగుంటుందేమోనన్న ఆలోచన రాలేదు.

రాయబారికి వచ్చింది, కాదనకూడదు. మొదటిరోజు పొద్దున్నే బీరువా దగ్గరికి వచ్చాడు. "అక్కా, ఒక్క ఫోను లోపలికి పట్టుకెళ్తాను. వాళ్ళకి చూపించాలి," అన్నాడు.

"భద్రతాధికారి సంతకం తెచ్చారా సార్?"

"అడిగాను. ఇవ్వనన్నాడు."

"మరి నేనెలా ఇస్తాను సార్?" అంది. ఆ అరుపు కోసం పడిచస్తున్న మనిషే, దానికి అడ్డంగా తాళం వేసి కూర్చుంది! ఆ సంగతి ఆవిడకి ఆ నిమిషంలో తట్టనేలేదు. నియమం నియమమే. రాయబారి ఇంకేమీ అనకుండా తన ఫోను కూడా తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

కంపెనీవాళ్ళు ఫోన్లు ఇవ్వాల్సి వచ్చేసరికి ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంజనీరమ్మాయి తన భాషలో ఏదో అంది. మా పని మొత్తం ఇందులోనే ఉందంటోందని రాయబారి చెప్పాడు. "ఉన్నా సరే," అని తాళాలక్క అరలో పెట్టి తాళం వేసింది.

ఇక లోపల మాటలు నడిచాయి. మీ ఫోన్లు మాట్లాడటం లేదని వీళ్ళంటారు. మా పరీక్షల్లో అంతా బాగానే ఉంది, వంతు ప్రకారం ఏర్పాటు చేస్తామని వాళ్ళంటారు. ఎక్కడ మాట్లాడలేదో చూపించమంటారు. చూపించాల్సిన వస్తువులు తలుపవతల చీకట్లో ఉన్నాయి. మొదటిరోజు అలాగే గడిచింది. రెండోరోజు పొద్దున లాయరు, వచ్చే ఏడాది చూద్దాం అనే దాకా వచ్చాడు. టీ కప్పులు తెచ్చిన మనిషి ఆ ముక్క తాళాలక్క చెవిన వేశాడు. వచ్చే ఏడాదికంటే ముందు ఒక వానాకాలం ఉంది.

అదే పూట, ఆ పక్క భవనంలో విపత్తుల శాఖవాళ్ళు ఊరంతటికీ ఒక హెచ్చరిక పరీక్ష పెట్టుకున్నారు. ఈ శాఖకీ ఆ శాఖకీ మధ్య ఒక ప్రహరీగోడ ఉంది, మాటలు మాత్రం లేవు. ఇది పరీక్ష, ఎవరూ కంగారుపడొద్దని ముందుగానే అందరి ఫోన్లకీ చెప్పారు. అందరి ఫోన్లూ అంటే, బీరువాలో తాళం వేసి ఉన్న ఫోన్లకి కూడా చెప్పారు.

తాళాలక్క స్టూలు మీద కూర్చుని ఉంది. ఉన్నట్టుండి బీరువా ఊళ పెట్టింది. ఒక గొంతు కాదు, పది గొంతులు. ఇనుము అదిరిపోతోంది. ఆవిడ ఎగిరిపడి లేచింది. ఏ అర తెరవాలో, ఏ తాళంచెవి ఎక్కడుందో తోచలేదు. చివరికి ఒక తాళంచెవి పట్టి, ఒక అర తెరుచుకుంది. వెలుగుతున్న తెర మీద 'వరద' అన్న మాట ఒక్కటే కళ్ళకి కనబడింది. దాని కింద 'పరీక్ష' అని ఉంది. అంత దూరం చదివే స్థితిలో ఎవరున్నారు?

ఇన్నేళ్ళలో ఎన్నడూ లోపలికి తొంగైనా చూడని మనిషి, మందిరం తలుపులు రెండూ భళ్ళున తోసింది.

"నీళ్ళొస్తున్నాయి సార్! ఇంట్లో మా అత్తయ్య ఒక్కతే ఉంది! నడవలేదు సార్!"

అతిథులు నిర్ఘాంతపోయారు. మంత్రిగారి చేతిలో కలం జారింది. భద్రతాధికారి ఒక్క ఉదుటున వచ్చి ఆవిడ రెక్క పట్టుకున్నాడు. ఆయన లాగుతున్నాడు, ఆవిడ ఏడుస్తోంది, తలుపవతల బీరువా అరుస్తూనే ఉంది. రాయబారి ఆ అరుపు విన్నాడు. ఒక్క క్షణం విని, కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

"వదలండి ఆవిడని," అన్నాడు భద్రతాధికారితో. తర్వాత అతిథుల వైపు తిరిగి వాళ్ళ భాషలో, దయచేసి నాతో రండి అన్నాడు.

అందరూ బీరువా చుట్టూ మూగారు. రాయబారి ముందు తెర మీది మాటలు పూర్తిగా చదివి, "అక్కా, ఇది పరీక్షే. నీళ్ళు లేవు. మీ అత్తగారికేం కాలేదు," అని రెండుసార్లు చెప్పాడు. తాళాలక్క స్టూలు మీద కూలబడింది. అప్పుడాయన అరలన్నీ తెరిపించాడు. వేరే కంపెనీల ఫోన్లన్నీ గిలగిలా కొట్టుకుంటూ అరుస్తున్నాయి. ఈ కంపెనీ ఫోన్లు ఒక్కటీ కిక్కురుమనలేదు. మొదటి అరలో తాళాలక్క ఫోనూ అంతే. హెచ్చరిక దానికీ అందింది, వచ్చి మూల కూర్చుంది.

ఇంజనీరమ్మాయి ఆ ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత తాళాలక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఏదో అడిగింది.

"మీ అత్తగారి దగ్గర ఏ ఫోను ఉందని అడుగుతోంది," అన్నాడు రాయబారి.

"ఇలాంటిదే సార్. నా పాతదే ఆవిడకిచ్చాను," అంది తాళాలక్క కొంగుతో మొహం తుడుచుకుంటూ.

ఆ అమ్మాయి తలదించుకుంది. లాయరు ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

ఆ మధ్యాహ్నం భద్రతాధికారి తాళాలక్కని ఉద్యోగంలోంచి తీసేయాలని పట్టుబట్టాడు. రాయబారి మంత్రిగారి ముందు నిలబడి ఒకే మాట చెప్పాడు. "వరద అనగానే లేచి పరుగెత్తిన మనిషి ఈ భవనంలో ఆవిడ ఒక్కరేనండీ. మనమంతా కూర్చునే ఉన్నాం. తీసేయాలంటే ముందు నన్ను తీసేయండి." మంత్రిగారు మీసం సవరించుకుని, సర్లెండి అన్నారు. తాళాలక్క ఆ మాటని ఈనాటికీ కళ్ళకద్దుకుంటుంది. కొండంత అండ అంటారే, అది కిటికీ లేని గదిలో కూడా ఉంటుందని ఆవిడకి అప్పుడు తెలిసింది.

మూడోరోజు ఫోన్లు బల్ల మీదే పెట్టుకుని మాట్లాడారు. సంతకాలన్నీ పక్కాగానే తెచ్చారు, తాళాలక్క ఒకటికి రెండుసార్లు చూసి మరీ వదిలింది. వానలకి ముందే అరుపు పెట్టగలమని ఇంజనీరమ్మాయి తేల్చి చెప్పింది. పెద్దమనిషి అప్పుడు తమ భయం బయటపెట్టాడు. దేశంలో ప్రతి ఫోనునీ ఒకేసారి అరిపించే తాళంచెవి ప్రభుత్వం చేతికిస్తే, రేపు ఎన్నికల ప్రసంగానికీ వాడరని హామీ ఏమిటి? న్యాయమైన ప్రశ్నే. మంత్రిగారు, ఏడాదికోసారి నా శుభాకాంక్షలైనా పంపకూడదా అని నసిగారు. రాయబారి ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి, మూడు చెరువుల నీళ్ళు తాగి ఒప్పించాడు. వరద, తుఫాను, మంటలు, ప్రాణం పోయే ఆపద, అంతే. ఇంకో పనికి వాడితే కంపెనీ ఆ ఏర్పాటు తీసేసుకోవచ్చు. పూలకుండీకి అటూ ఇటూ కూర్చుని సంతకాలు చేశారు. యుద్ధం ఆగినప్పుడు చేసే సంతకాలకంటే ఇవి ఏం తక్కువని? కాకపోతే ఈసారి ఫొటో తీసేవాళ్ళు రాలేదు.

వానాకాలం వచ్చింది. ఒకరోజు పని ముగించుకుని తాళాలక్క బస్సులో ఇంటికి వెళ్తోంది. కిటికీ మీద జల్లు కొడుతోంది, బస్సు కిక్కిరిసి ఉంది. ఒక్కసారిగా బస్సులో ఉన్న ఫోన్లన్నీ అరిచాయి. సంచుల్లోవి, జేబుల్లోవి, నిద్రపోతున్న మనిషి ఒళ్ళోది, ఒక్కటీ మినహాయింపు లేదు. డ్రైవరు బ్రేకేశాడు. తాళాలక్క తన ఫోను తీసి ఈసారి చివరి అక్షరం దాకా చదివింది. అందులో పరీక్ష అన్న మాట లేదు.

అత్తగారికి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. "ఎత్తు అత్తయ్యా, నీకు దణ్ణం పెడతా, ఎత్తు," అని పైకే అంటోంది. పక్క సీటావిడ ఎవరో కూడా తెలియదు, తాళాలక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. మూడోసారి అవతల గొంతు వినబడింది.

"ఎందుకే అన్నిసార్లు చేస్తావు? నన్ను మేడ మెట్లెక్కిస్తుంటే ఫోనెత్తమంటావా?" అత్తగారు రొప్పుతోంది. "దర్జీ, వాళ్ళావిడా కొట్టు కూడా మూయకుండా వచ్చారు. వీధి వీధంతా మేడల మీదే ఉంది. నీళ్ళింకా రానేలేదు. ఒసేయ్, ఈ దిక్కుమాలిన ఫోను అరుపు ఆపడం ఎలాగో చెప్పు, చెవులు పోతున్నాయి!"

"ఆపకత్తయ్యా," అంది తాళాలక్క. ఏడుస్తూ నవ్వుతూ అంది. "దాన్ని అరవనీ."

నీళ్ళు వచ్చాయి, పోయిన ఏటికంటే ఎక్కువగానే. మంచం, బియ్యం డబ్బా, పరుపు పోయాయి. ఆ వీధిలో మనిషి మాత్రం ఒక్కరూ పోలేదు.

నీరు తీశాక రాయబారి వెతుక్కుంటూ వచ్చాడు. పంట్లాము మోకాళ్ళ దాకా మడుచుకుని, బూట్లు చేత్తో పట్టుకుని, బురదలో జారుతూ దర్జీ మేడెక్కాడు. తాళాలక్క ఆయన్ని చూసి రెండు చేతులూ జోడించింది. "మీ రుణం ఎలా తీరుస్తాం సార్? ఆ అమ్మాయి ఎక్కడుందో, ఆమెకి ఎలా చెప్పుకోవాలో కూడా తెలీదు," అంది.

"నాకు తెలుసు. ఆ కంపెనీలో మనిషి గొంతు పలికే నంబరు నా దగ్గర ఇదొక్కటే ఉంది," అని ఆయన అక్కడే నిలబడి ఫోను కలిపాడు. అవతల అమ్మాయి ఎత్తింది. ఆయన ఏదో చెప్పి, ఫోను స్పీకరులో పెట్టి, చాప మీద కూర్చున్న అత్తగారి చేతికిచ్చాడు. "మీరు మాట్లాడండమ్మా, నేను వాళ్ళ భాషలో చెప్తాను."

జన్మలో మాటకి తడుముకోని మనిషి, ఫోను రెండు చేతులా పట్టుకుని అలాగే ఉండిపోయింది. కింద వీధిలో ఎవరో బురద ఎత్తిపోస్తున్నారు. అవతల ఆ అమ్మాయి కాచుకుని ఉంది.

"ఏం చెప్పమంటారమ్మా?" అన్నాడు రాయబారి మెల్లగా.

అత్తగారు తల పైకెత్తి చూసింది.

"నేనింకా ఉన్నానని చెప్పు నాయనా."